ఒక భాష, రెండు మతములు: యొరుబా దేశమున ఒక రాజనీతి శాస్త్రజ్ఞుని పరిశోధన

మనుజుడు ఒక్కడే యైనను అతనికి గల అనుబంధములు పెక్కు. ప్రతివాడును ఒక భాషకు, ఒక మతమునకు, ఒక ఊరికి, ఒక వంశమునకు, ఒక వృత్తికి చెందినవాడై యుండును. ఇవి యన్నియు అతనియందు ఏకకాలమున నిలిచి యుండును. కాని ఓటు వేయునపుడు, పక్షము వహించునపుడు, కలహము సంభవించినపుడు వీనిలో ఏది ముందుకు వచ్చును? తక్కినవి ఏల వెనుకకు తగ్గును? రాజనీతి శాస్త్రమున ఇది మిక్కిలి ప్రధానమైన ప్రశ్న. పరప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఇది శాస్త్రప్రశ్న మాత్రమే కాదు. శోలాపురమున మగ్గము నేయు కుటుంబమునకును, బరంపురమున వర్తకము చేయు కుటుంబమునకును, హోసూరు ప్రాంతమున సేద్యము చేయు కుటుంబమునకును ఇది నిత్యజీవితమున ఎదురగు ప్రశ్న.

మతము మానవుని మనస్సును తీర్చిదిద్దును గనుక రాజకీయాభిప్రాయములను కూడ అదియే నిర్ణయించునని సామాన్యముగా తలంతురు. ఈ తలంపు ఎంతవరకు సత్యమో పరీక్షింపవలెనన్నచో ఒక చిక్కు కలదు. మతభేదము గల చోట సాధారణముగా భాషాభేదమో, జాతిభేదమో, ధనభేదమో కూడ కలిసి యుండును. అప్పుడు కనబడిన అభిప్రాయభేదము మతమువలన కలిగినదో, తక్కినవానివలన కలిగినదో తేల్చుట కష్టము. ఈ చిక్కును దాటవలెనన్న, భాషయు జాతియు జీవనవిధానమును ఒక్కటియై మతము మాత్రమే వేరైన ప్రజలు కావలెను. అమెరికా దేశపు రాజనీతి శాస్త్రజ్ఞుడు డేవిడ్ లైటిన్ అట్టి ప్రజలను పశ్చిమాఫ్రికాలోని నైజీరియా దేశమున కనుగొనెను. వారే యొరుబాలు. 1979-80 సంవత్సరములలో ఆయన ఇలే-ఇఫే నగరమున నివసించి సాగించిన పరిశోధన 1986లో ‘హెజిమొనీ అండ్ కల్చర్’ అను గ్రంథముగా వెలువడెను. ఆ పరిశోధన యేమి చెప్పినదో, అది ప్రవాసాంధ్రులకు ఏ విధముగా ఉపయోగపడునో ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

యొరుబా దేశము

నైజీరియాకు నైరృతి భాగమున యొరుబాలు నివసింతురు. వారి సంప్రదాయము ప్రకారము వారి మూలపురుషుడు ఒడుడువా. ఆయన ఇలే-ఇఫేలో రాజ్యము స్థాపించెననియు, ఆయన సంతతివారు నలుదిక్కులకు పోయి వేర్వేరు నగరములను నెలకొల్పిరనియు చెప్పుదురు. ఆ నగరములను పాలించు రాజును ఓబా యందురు. ఇఫే రాజునకు ఊని యని పేరు. యొరుబా గృహస్థు జీవనోపాధికై ఎంత దూరము పోయినను తన పూర్వుల నగరమునే స్వస్థలముగా చెప్పుకొనును. పండుగలకు అచటికే పోవును. చేతనైనచో అచటనే ఇల్లు కట్టుకొనును. ఇంటిపేరునుబట్టి పూర్వుల గ్రామమును తలచుకొను తెలుగువారికి ఈ మనోభావము తెలియనిది కాదు.

19వ శతాబ్ది యొరుబాలకు కల్లోలకాలము. అంతకు పూర్వము ప్రబలమై యుండిన ఓయో సామ్రాజ్యము కూలిపోయెను. 1830ల దశకమున పాత ఓయో రాజధాని పాడుపడెను. ఉత్తరమున ఇలోరిన్ నగరము సొకోటో ఖలీఫా రాజ్యములో చేరెను. నిరాశ్రయులు గుంపులు గుంపులుగా దక్షిణమునకు తరలివచ్చిరి. ఇబాదాన్ అను కొత్త నగరము సైనికబలముతో విజృంభించెను. దాని పెత్తనమును సహింపక ఎకిటి మొదలగు ప్రాంతములవారు ఏకమై 1877 మొదలు దీర్ఘయుద్ధము చేసిరి. 1886లో సంధిపత్రము వ్రాయబడెను. ఈ యుద్ధములలో పెక్కు ఒకే భాష మాటలాడు నగరముల నడుమ జరిగినవి. ఆ గాయముల జ్ఞాపకము తరువాతి తరముల రాజకీయములలో కూడ నిలిచి యుండెను.

రెండు మతముల రాక

ఇస్లాము ఉత్తరమునుండి వర్తకుల వెంట వచ్చెను. 17వ శతాబ్ది నాటికే ఓయో రాజ్యమున ముస్లిములు ఉండిరి. క్రైస్తవము సముద్రము వైపునుండి వచ్చెను. బానిస ఓడలనుండి విడిపింపబడి సియెరా లియోన్‌లో దింపబడిన యొరుబాలలో కొందరు 1839 ప్రాంతమునుండి స్వదేశమునకు మరలిరి. వారి వెనుక 1840ల దశకమున మిషనరీలు బడాగ్రీ, అబెఒకూట నగరములకు వచ్చిరి. శామ్యూల్ అజాయి క్రౌథర్ అను యొరుబా బాలుడు 1821లో బానిసగా పట్టుబడి, 1822లో విముక్తుడై, చదువుకొని, 1864లో ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. బైబిలును యొరుబా భాషలోనికి తెచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. పలు మాండలికములుగా చెదరియుండిన ఆ భాషకు ఆ కృషివలన ఒక లిఖితరూపము స్థిరపడెను. మతప్రచారమునకై రూపొందిన ఆ రచనాభాష క్రమముగా మతభేదము లేక యొరుబాలందరికిని సొత్తయ్యెను.

మిషనరీలతో పాఠశాలలు వచ్చెను. క్రైస్తవ కుటుంబములవారు ముందుగా ఇంగ్లీషు నేర్చి ఉద్యోగములు సంపాదించిరి. పిల్లలను మిషను బడికి పంపినచో మతము మారుదురను భయము ముస్లిము కుటుంబములలో ఉండెను. ఆ కారణమున వారు విద్యలో వెనుకబడిరి. ఈ కొరతను తీర్చుటకు 1923లో లేగోసునందు అన్సారుద్దీన్ సంఘము స్థాపింపబడి, ముస్లిము బాలబాలికలకై ఆధునిక పాఠశాలలను నడపసాగెను. 1955లో పశ్చిమ ప్రాంత ప్రభుత్వము ఉచిత ప్రాథమిక విద్యను ప్రవేశపెట్టెను. ఈ నడుమ రెండు మతములును వ్యాపించి, 20వ శతాబ్ది మధ్యకాలమునకు యొరుబాలలో క్రైస్తవులును ముస్లిములును ఇంచుమించు సమసంఖ్యలో ఉండిరి. ఒకే ఇంట అన్న చర్చికి, తమ్ముడు మసీదుకు పోవుట వింతగా తోచెడిది కాదు.

చదువులోను ఉద్యోగములలోను ఇట్టి అసమానత యున్న చోట మతమునుబట్టి రాజకీయ పక్షములు పుట్టుట సహజమని ఎవరైనను ఊహింతురు. 1950ల దశకమున ముస్లిములకు ప్రత్యేక పక్షము నిర్మించు యత్నము జరుగకపోలేదు. కాని అది వేరూనలేదు. మొరుగని కుక్క యేల మొరుగలేదని విచారించినట్లు, పుట్టవలసిన కలహము ఏల పుట్టలేదని లైటిన్ విచారించెను.

ఇఫే నగరమున పరిశోధన

సంస్కృతిని గూర్చి పండితులలో రెండు దృక్పథములు కలవు. మొదటి దానికి ప్రతినిధి క్లిఫర్డ్ గీర్ట్స్. సంస్కృతి మానవునికి లోకమును అర్థము చేసికొను కన్ను వంటిదనియు, ఏది మేలు ఏది కీడు అను భావమును అదియే కలిగించుననియు ఆయన మతము. రెండవ దానికి ప్రతినిధి ఏబ్నర్ కోహెన్. ఆయన దృష్టిలో సంస్కృతి మానవులు తమ ప్రయోజనములకై వాడుకొను పనిముట్టు.

కోహెన్ 1969లో ప్రకటించిన గ్రంథము ఇబాదాన్ నగరములోని సాబో పేటయందు స్థిరపడిన హౌసా వర్తకులను గూర్చినది. వారు ఉత్తరమునుండి వచ్చి పశువుల వర్తకమును, కోలా కాయల వర్తకమును తమ చేతిలో నుంచుకొనిరి. చుట్టునున్న యొరుబాలలో పెక్కురు తమవలెనే ముస్లిములగుటచేతను, కొత్త రాజకీయ పక్షములు పాత కట్టుబాటులను సడలించుటచేతను, తమ ప్రత్యేకత కరిగిపోవునను స్థితి వారికి ఏర్పడెను. అప్పుడు వారు తిజానియ్యా యను సూఫీ మార్గమును సామూహికముగా అవలంబించి, మరల ఒక కట్టుగా నిలిచిరి. పరభాషాప్రాంతమున వలసవచ్చినవారు తమ వర్తకమును కాపాడుకొనుటకు మతాచారమును కంచెగా కట్టుకొన్నారని కోహెన్ నిరూపించెను.

లైటిన్ ఈ రెండు దృక్పథములను పరీక్షకు పెట్టెను. ఇఫేలో ఒక చర్చిలోను ఒక మసీదులోను ఆయన ప్రార్థనలకు హాజరై, ప్రసంగములను విని, సభ్యులతో కలిసిమెలిసి తిరిగి, వారి అభిప్రాయములను ప్రశ్నావళి ద్వారా సేకరించెను. మతబోధ మనస్సుపై ఏ ముద్రయు వేయదని ఆయన చెప్పలేదు. అధికారము, సమానత్వము, సంఘకార్యములలో పాల్గొనుట మొదలగు విషయములలో రెండు మతముల ఆచారములును భిన్నమైన అలవాటులను నేర్పుననియే ఆయన గమనించెను. కాని ఆ భేదములు రాజకీయ పక్షభేదములుగా మారలేదు. ‘ఎవరు మనవారు?’ అను ప్రశ్న వచ్చినపుడు యొరుబా ముస్లిముకు సాటి ముస్లిముకంటె తన పూర్వుల నగరమువాడైన క్రైస్తవుడే దగ్గరివాడయ్యెను.

ఎన్నికల సాక్ష్యము

ఈ సంగతిని దేశచరిత్ర కూడ బలపరచుచున్నది. 1977-78 సంవత్సరములలో నైజీరియా రాజ్యాంగ సభయందు షరియా అప్పీలు న్యాయస్థానమును గూర్చి తీవ్రమైన వాదము చెలరేగెను. ఉత్తర ప్రాంతపు సభ్యులు పలువురు సభను బహిష్కరించిరి. దేశము మతమును బట్టి రెండుగా చీలునను భయము కలిగెను. అప్పుడు యొరుబా సభ్యులు మతము ననుసరించి చీలక, ఉభయ పక్షములకు సంధి కూర్చుటకు పూనుకొనిరి.

1979లో అధ్యక్ష ఎన్నిక జరిగెను. యొరుబా నాయకుడు ఒబఫెమి అవొలొవొ క్రైస్తవుడు. ఉపాధ్యక్ష పదవికి ఆయన నిలిపిన ఫిలిప్ ఉమెయాడీయును క్రైస్తవుడే. అయినను లేగోస్, ఓగున్, ఓయో, ఓండో అను యొరుబా రాష్ట్రములు నాలుగును, వాని ప్రక్కనున్న బెండెల్ రాష్ట్రమును అవొలొవొకే ఆధిక్యము నిచ్చెను. ఆయన పక్షము తరఫున లేగోసుకు గవర్నరుగా ఎన్నికైన లతీఫ్ జకాండే ముస్లిము; ఓయోకు గవర్నరైన బోలా ఇగే క్రైస్తవుడు. దేశాధ్యక్ష పదవి మాత్రము ఉత్తర ప్రాంతపు షెహు షగారికి దక్కెను.

1993లో పరిస్థితి తారుమారయ్యెను. అబెఒకూటకు చెందిన మోషూద్ అబియోలా ముస్లిము. ఆయన ఉపాధ్యక్షాభ్యర్థి బాబాగానా కింగిబేయును ముస్లిమే. యొరుబా క్రైస్తవులు ఇందుకు వెనుదీయక అబియోలాను బలపరచిరి. సైనిక ప్రభుత్వము ఆ ఎన్నికను రద్దు చేసినపుడు ఉభయ మతములవారును కలిసి నిరసించిరి. తరువాత 1999 మొదలు ఉత్తరపు 12 రాష్ట్రములు నేరవిచారణలో షరియాను ప్రవేశపెట్టెను. యొరుబా రాష్ట్రములలో ఒక్కటియు ఆ మార్గము త్రొక్కలేదు.

కారణమేమి?

మతము కన్న నగరానుబంధము ఏల బలవత్తరమయ్యెను? సమాధానము చెప్పుటకు లైటిన్ ఇటలీ దేశపు తత్త్వవేత్త ఆంటోనియో గ్రాంషీ ఆధిపత్య సిద్ధాంతమును ఆశ్రయించెను. ఏలువారు బలప్రయోగముతో మాత్రమే ఏలరు. సంఘములోని పలు భేదములలో ఒకదానిని ఎన్నుకొని, అదియే సహజమైన భేదమని అందరిచేతను ఒప్పింతురు. ఒకసారి ఒప్పుకొన్న పిదప ప్రజలు ఆ చట్రములోనే ఆలోచింతురు. ఆ చట్రములోనే పోట్లాడుదురు.

బ్రిటిషువారు యొరుబా దేశమును ఏలుటకు వచ్చునప్పటికి పాత నగరరాజుల అధికారము యుద్ధములవలన క్షీణించి యుండెను. తక్కువ వ్యయముతో పాలన సాగించుటకు వారికి స్థానిక ప్రభువులు కావలసి వచ్చెను. అందువలన వారు ఓబాలను పునరుద్ధరించి, పన్నులు, న్యాయస్థానములు, భూమి వ్యవహారములు ఆ నగరముల పేరిటనే నడిపించిరి. ప్రభుత్వముతో పని గలవాడు క్రైస్తవుడైనను ముస్లిమైనను తన నగరము ద్వారానే పోవలసి వచ్చెను. ద్వారము ఎక్కడ ఉండునో జనము అక్కడ గుమికూడుదురు. ఈ విధముగా నగరానుబంధము రాజకీయములకు రాచబాట యయ్యెను. మతము ఇంటికిని దేవాలయమునకును పరిమితమయ్యెను.

ఈ సిద్ధాంతమునకు ఆక్షేపణలు లేకపోలేదు. బ్రిటిషువారు రాకమునుపే నగరాభిమానము ప్రబలముగా ఉండెను; 19వ శతాబ్ది యుద్ధములే అందుకు సాక్ష్యము. ఒకే వంశమున రెండు మతములును కలిసియుండుట కూడ కలహమును అణచియుండును. కావున అన్నిటికిని విదేశీ ప్రభుత్వమే కారణమనుట అతిశయోక్తి. ఉన్న అభిమానములలో ఒకదానికి రాజముద్ర పడినదనియు, ఆ ముద్ర పడిన నాణెమే సంతలో చెల్లినదనియు చెప్పుట న్యాయము.

మోడకెకె వారి కథ

మతకలహము లేనంత మాత్రమున యొరుబా దేశమును శాంతినిలయమని తలపరాదు. ఓయో రాజ్యము కూలినప్పుడు వచ్చిన నిరాశ్రయులకు 19వ శతాబ్ది మధ్యకాలమున ఇఫే ఊని తన నగరము ప్రక్కనే మోడకెకె యను స్థలమును ఇచ్చెను. ఉభయులకును భాష ఒక్కటే. ఉభయులలోను క్రైస్తవులు కలరు, ముస్లిములు కలరు. మోడకెకె వారు కష్టపడి కోకో తోటలు పెంచిరి. కాని భూమికి యజమానులు ఇఫేవారు గనుక ‘ఇషాకొలే’ యను కౌలుకానుక చెల్లింపవలసి వచ్చెను. తరములు గడిచినను వారికి ‘వలస వచ్చినవారు’ అను పేరు పోలేదు. కౌలును గూర్చియు, ప్రత్యేక స్థానిక ప్రభుత్వమును గూర్చియు వివాదములు పెరిగి, 1981లోను, 1983లోను, మరల 1997 మొదలు 2000 వరకును నెత్తురు ప్రవహించెను. లైటిన్ శాంతముగా ప్రశ్నలు అడిగిన నగరమే అది.

రాజముద్ర పడిన అనుబంధము ఏదియైనను కలహమునకు ఆయుధము కాగలదని ఈ కథ తెలుపుచున్నది. నూరేండ్లకు పైగా ఒకచోట పుట్టి, పెరిగి, అక్కడి మట్టిలోనే కలిసిపోయినవారిని ఇంకను పరాయివారనుట ఎంతటి అనర్థమునకు దారితీయునో మోడకెకె చరిత్ర చదివినవారికి బోధపడును.

ఫ్రాన్సునందు మరియొక పరీక్ష

యొరుబాలను గూర్చిన గ్రంథము వెలువడిన చాలకాలమునకు లైటిన్ ఇదే పద్ధతిని వలసవచ్చినవారి విషయమున ప్రయోగించెను. క్లేర్ అదీదా, మరీ-ఆన్ వాల్ఫోర్ అను ఇరువురు పరిశోధకురాండ్రు ఆయనకు సహచరులు. సెనెగల్ దేశపు సెరెర్, జోలా తెగలలో క్రైస్తవులును ముస్లిములును కలరు. వారిలో కొందరు ఫ్రాన్సుకు వలసపోయిరి. తెగ ఒకటే, దేశము ఒకటే, రంగు ఒకటే. మతము మాత్రము వేరు.

2009లో ఈ పరిశోధకులు ఉద్యోగములకై కల్పిత దరఖాస్తులు పంపిరి. ఒక దరఖాస్తుపై మరీ డియూఫ్ అనియు, మరియొక దానిపై ఖదీజా డియూఫ్ అనియు పేర్లు వ్రాసిరి. చదువును అనుభవమును సమానము. మొదటి పేరును, పనిచేసిన ధర్మసంస్థ పేరును మాత్రము మతమును సూచించును. మరీ పేరుగల దరఖాస్తులలో నూటికి 21కి పిలుపు వచ్చెను. ఖదీజా పేరుగలవానిలో నూటికి 8కి మాత్రమే వచ్చెను. మతమునకు చట్టములో తావులేని దేశమున కూడ సంఘము మతమును చూచి తలుపు తెరచుచున్నదని తేలెను. తలుపు మూయబడినవారు తమలో తాము ముడుచుకొందురు. ముడుచుకొన్నందున తక్కినవారి అనుమానము ఇంకను పెరుగును. ఈ చక్రమును 2016లో వెలువడిన వారి గ్రంథము విశదపరచెను. యొరుబా దేశమున రాజకీయములకు వెలియైన మతభేదమే ఫ్రాన్సున జీవనోపాధిని నిర్ణయించు భేదమయ్యెను.

తెలుగువారి విషయము

భారతదేశమున బ్రిటిషువారు వేరొక మార్గమును త్రొక్కిరి. 1909 నాటి మింటో-మార్లే సంస్కరణములు ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గములను ఏర్పరచెను. ఒకే వీధిలో ఒకే తెలుగు మాటలాడు ఇరువురు పొరుగువారు వేర్వేరు జాబితాలలోని ఓటరులు కాజొచ్చిరి. యొరుబా దేశమున నగరమునకు పడిన ముద్ర ఇచట మతమునకు పడెను.

యానాము చేరియుండిన ఫ్రెంచి భారతమున మరియొక విధము జరిగెను. తమ మతాచారసిద్ధమైన వ్యక్తిగత ధర్మమును వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించుటకు 1881 నాటి శాసనము అవకాశ మిచ్చెను. అట్లు స్వీకరించినవారిని ‘రెనాన్‌సాన్’ లనిరి. 1884లో ఓటరుల జాబితాలు మూడుగా విభజింపబడెను: ఐరోపీయులు, రెనాన్‌సానులు, తక్కినవారు. గోదావరికి ఇరుప్రక్కల బంధువులుగా నున్న తెలుగువారిని రెండు ప్రభుత్వములు రెండు విధముల లెక్కించినవి.

1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు రాజముద్ర భాషకు పడెను. అదే సంవత్సరపు ఏడవ రాజ్యాంగ సవరణ 350-ఎ, 350-బి అధికరణములను చేర్చెను. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించు సదుపాయములను గూర్చి మొదటిదియు, వారి రక్షణలను పరిశీలించు ప్రత్యేకాధికారిని గూర్చి రెండవదియు చెప్పును. 30వ అధికరణము మతాల్పసంఖ్యాకులకును భాషాల్పసంఖ్యాకులకును విద్యాలయములు స్థాపించుకొను హక్కును సమానముగా ఇచ్చినది. అల్పసంఖ్యాకులెవ్వరో నిర్ణయించుటకు రాష్ట్రమే ప్రమాణమని 2002లో టి. ఎం. ఏ. పై ఫౌండేషన్ వ్యాజ్యమున సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను.

దీని ఫలితమును గమనింపుడు. మధురలోని తెలుగు హిందువు మతమునుబట్టి అధికసంఖ్యాకుడు, భాషనుబట్టి అల్పసంఖ్యాకుడు. బళ్ళారిలోని తెలుగు క్రైస్తవుడు రెండు విధములను అల్పసంఖ్యాకుడు. తెలుగు ఇంట పుట్టిన దూదేకుల బాలుడు ఏ పేరిట బడిలో చేరవలెను? మతము పేరిటనా, భాష పేరిటనా? చట్టము రెండు ద్వారములను తెరచియుంచినది. ఏ ద్వారమున జనము గుమికూడుదురో అది సంఘముల నడవడినిబట్టి యుండును.

ప్రవాసాంధ్ర సంఘములకు ఈ పరిశోధనలో రెండు హెచ్చరికలు కలవు. తెలుగు సంఘము ఒక మతపు పండుగలకును, ఒకటి రెండు కులముల పెద్దరికమునకును పరిమితమైనచో, తెలుగు ముస్లిమును తెలుగు క్రైస్తవుడును తమకు చోటుగల వేరు ద్వారమును వెదకుకొందురు. అప్పుడు జనాభా లెక్కలలో మాతృభాషగా తెలుగు వ్రాయించుకొనువారు తగ్గుదురు; తెలుగు తరగతిలో పిల్లలు తగ్గుదురు; పిల్లలు లేని తరగతి మూతపడును. ఇది మొదటి హెచ్చరిక. రెండవది మోడకెకె నేర్పునది. తరతరములుగా నివసించిన నేలపై పరాయివారని పిలిపించుకొనకుండ నుండవలెనన్న, అన్నము పెట్టిన నేల భాషను నేర్చుట, పొరుగువారి కష్టసుఖములలో పాలుగొనుట అవసరము. తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో చక్కగా వచ్చిన తెలుగు బాలునికి తెలుగు తరిగిపోదు.

యొరుబా క్రైస్తవుడును ముస్లిమును ఒకే పలుకుబడితో పలుకరించుకొని, ఒకే ఊరి పేరు చెప్పుకొని, ఎవరి దేవుని వారు కొలుచుచున్నారు. వారి నడుమ భేదము లేకపోలేదు; దానిని సంతకు తెచ్చి వెలకట్టుకొనలేదు. తెలుగువారు ఏ రాష్ట్రమున నున్నను, ఏ దేవుని కొలిచినను, ఇంట పిల్లవానికి మొదట వినిపించు మాట తెలుగే యైనంతకాలము వారిని కలుపు త్రాడు తెగదు. దానిని నిలుపుకొను భారము ప్రభుత్వము మీద కొంతయు, వారి సంఘములమీదను వారి ఇండ్లమీదను మిక్కిలియు కలదు.